కూలీల మీద చేసిన పరిశోధన కూలీలకు తెలుగులో చెప్పాలి

సంపాదకులకు,

ఉపాధి హామీ వల్ల పొలం పనికి మనుషులు దొరకడం లేదని రైతులు, ఆ పథకం వల్లే కూలి రేటు నాలుగు రూపాయలు పెరిగిందని కూలీల సంఘాలు ఏళ్లుగా వాదించుకుంటున్నాయి. ఈ తగవుకు మన పల్లెల్లోనే, మన కూలీలనే అడిగి రాబట్టిన జవాబు ఒకటుంది. తెలుగులో అది వినిపించడం అరుదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి, పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డులతో చెల్లించే పద్ధతిని 2010లో 8 జిల్లాల్లో ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తర్వాత అన్నది లాటరీ తీసి నిర్ణయించారు. అనంతపురం, ఖమ్మం, ఆదిలాబాద్ అందులో ఉన్నాయి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాలను పోల్చి చూశారు. రెండో విడత కుటుంబాల సర్వే 2012లో జరిగింది. చెల్లింపులు మెరుగుపడిన చోట ఉపాధి కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం పథకం సొమ్ము కాదు, బయటి పనుల నుంచి వచ్చిందే. బయట కూలి రేటూ పెరిగింది, పనీ పెరిగింది. భూమి మీద రాబడి మాత్రం తగ్గింది. కాబట్టి రైతు గోడునూ కొట్టిపారేయలేం. ఇరుపక్షాలూ తెలుసుకోవలసిన సంగతులివి.

ఈ అధ్యయనం వర్కింగ్ పేపర్‌గా, అంటే జర్నల్ పరిశీలన పూర్తికాని రూపంలో, 2017లో వచ్చింది. ‘ఎకనామెట్రికా’ జర్నల్‌లో అచ్చయింది 2023లో. సర్వేకు, ఈ అచ్చుకు మధ్య రాష్ట్రమే రెండయింది. ఆ జాప్యాన్ని నేను తప్పుపట్టను. జర్నల్ తరఫున పరిశీలించే రిఫరీలు ప్రతి అంకెనూ నిలదీయాలి, రచయితలు మళ్లీ లెక్క కట్టాలి. పేదవాడి కూలి గురించి తప్పుడు అంకె వస్తే తప్పుడు విధానమే వస్తుంది. కానీ జర్నల్‌లో అచ్చయ్యేదాకా జనానికి చెప్పకూడదనడం న్యాయం కాదు. 2017 పేపర్‌లో ఇవే అంకెలు 13, 90 శాతంగా ఉన్నాయి. పరిశీలనలో అంకెలు కాస్త కదిలాయి, ఫలితం దిశ మారలేదు. ‘ఇది ఇంకా పరిశీలనలో ఉంది’ అని ఒక్క వాక్యం చేర్చి చెబితే మన కూలీలకు అర్థం కాదా?

చెప్పే దారి కూడా కొత్తగా వెయ్యనక్కర్లేదు. ఉపాధి పనుల సామాజిక తనిఖీలో తేలిన విషయాలను గ్రామసభలో, మండల ప్రజావేదికలో తెలుగులో చదివి వినిపించే అలవాటు మనకు ఉంది. పరిశోధన ఫలితాలనూ అలాగే వినిపించవచ్చు. వర్కింగ్ పేపర్ వెలువడినప్పుడు పరిశోధకులు రెండు పేజీల తెలుగు సారాంశం ఇవ్వాలి. జర్నల్‌లో అచ్చయ్యాక, మారినవేమిటో చెబుతూ మరొకటి ఇవ్వాలి. పత్రికలు కూడా ఇలాంటి అంకెలు వేసేటప్పుడు అది వర్కింగ్ పేపరా, జర్నల్‌లో వచ్చినదా అన్నది తప్పక రాయాలి.

ఉపాధి హామీ 2006లో మొదలైందే మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. తమ సంపాదన, అప్పులు, పస్తులు దాచుకోకుండా చెప్పిన కుటుంబాల మీదే ఇలాంటి పరిశోధనలన్నీ నిలబడ్డాయి. ఫలితం తెలుసుకునే హక్కు ముందు వారిదే. దీనికి చట్టం మార్చనక్కర్లేదు. సర్వేలకు అనుమతి ఇచ్చే పత్రంలో తెలుగు సారాంశం ఇవ్వాలన్న షరతు చేరుస్తూ రెండు రాష్ట్రాల గ్రామీణాభివృద్ధి శాఖలు ఒక్కో ఉత్తర్వు ఇస్తే చాలు. ఆ పని వెంటనే చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఎకనామిక్స్ లెక్చరర్,
అనంతపురం