పసిబిడ్డను ఒక్కరే మోయాలా?

బిడ్డ పుట్టిన ఇంటికి వచ్చిపోయే వాళ్లకు కొదవుండదు. పాస్టరు గారు వచ్చి స్తుతి ప్రార్థన చేస్తారు, బంధువులు ముక్కు ఎవరి పోలికో, రంగు ఎవరి పోలికో తేల్చి వెళ్తారు. రాత్రి రెండు గంటలకు బిడ్డ గుక్కపెట్టినప్పుడు మాత్రం మేలుకునేది తల్లి ఒక్కతే! పుట్టిన కొత్తలో బిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. అంటే రెండు మూడు గంటలకోసారి. పురిటికి పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ అమ్మ సాయముంటుంది. మూడో నెలలోనో, ఐదో నెలలోనో పట్నంలోని రెండు గదుల ఇంటికి తిరిగొచ్చాకే అసలు కష్టం మొదలవుతుంది.

విశ్వాసియైన తల్లికి దీనికి తోడు మరో బాధ. బైబిలు తెరిచి నెలయింది, మోకాళ్లూనితే నిద్ర ముంచుకొస్తోంది, నాలుగు ఆదివారాలుగా ఆరాధనకు వెళ్లలేదు. తన భక్తి చల్లారిపోయిందేమోనని ఆమె కుమిలిపోతుంది. 'మేమూ కన్నాం పిల్లల్ని, ఒక్క ఆరాధనా మానలేదు' అనే అక్కయ్యలు ప్రతి సంఘంలోనూ ఉంటారు! వాళ్లు హన్నా కథ మరోసారి చదవాలి. బిడ్డ కోసం షిలోహు మందిరంలో కన్నీరు కార్చిన ఆ మహాభక్తురాలే, సమూయేలు పుట్టాక ఏటేటా అర్పించే బలికి ఇంటివాళ్లంతా వెళ్తుంటే తాను రానంది. పాలు విడిచేవరకు బిడ్డతో ఇంట్లోనే ఉంటానంది. ఎల్కానా నీకు ఏది మంచిదనిపిస్తే అదే చేయమన్నాడు (1 సమూ 1:21–23). ఆ నిర్ణయాన్ని దేవుడు తప్పుపట్టినట్టు బైబిల్లో ఎక్కడా లేదు.

మోషే సంగతి ఇంకా ఆశ్చర్యం. అరణ్యంలో జనం సణుగుడు భరించలేక ఆయన దేవునితో మొరపెట్టుకుంటూ, పాలుతాగే బిడ్డను రొమ్మున మోసే మనిషితో తనను పోల్చుకున్నాడు. ఒంటరిగా మోయడం తన వల్ల కాదన్నాడు, ఇంతకంటే తనను చంపేయమనీ అన్నాడు (సంఖ్యా 11:11–15). అంతటి దైవజనుడి నోట అంత మాటా! అయినా దేవుడు ఆయన్ను గద్దించలేదు, ఓర్పు గురించి ప్రసంగమూ చేయలేదు. భారం పంచుకోవడానికి 70 మంది పెద్దలను ఇచ్చాడు.

మోషేలా 'నా వల్ల కాదు' అనే బాలింతకు మనం ఎవరినిస్తున్నాం? ముందు భర్త ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన తండ్రులకు 15 రోజుల సెలవుంది. అందరికీ అదీ లేదు, నిజమే. కానీ తడిగుడ్డ మార్చడానికి, అర్ధరాత్రి బిడ్డను భుజాన వేసుకుని తిప్పడానికి సెలవెందుకు? ఎఫ్రాయిమును చేతుల్లోకి తీసుకుని నడక నేర్పింది తానేనని చెప్పుకోవడాన్ని దేవుడే నామోషీ అనుకోలేదు (హోషేయ 11:3). ఇక అత్తగార్లకు నయోమి ఉంది. కోడలు రూతు కన్న బిడ్డను తన కౌగిట పెట్టుకుని పెంచింది ఆవిడే (రూతు 4:16).

కొన్నిచోట్ల మనిషి సాయం కూడా చాలదు. వర్ధమాన దేశాల్లో ప్రసవించిన స్త్రీలలో దాదాపు 20 శాతం మంది మానసిక సమస్యలకు, ముఖ్యంగా కుంగుబాటుకు లోనవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాన్పయిన మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం మామూలే. అది రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, బిడ్డను చూడాలనిపించకపోయినా, చావు ఆలోచనలు వస్తున్నా ఆలస్యం చేయకూడదు. దాన్ని దురాత్మ అనో, అవిశ్వాసమనో తీర్మానించి ఉపవాస కూటాలకు తిప్పడం క్రూరత్వం. ప్రార్థించండి, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే కదా! 2022లో ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

స్త్రీల కూడికలవారు ఈ వారం బాలింత ఇంటికి వెళ్లేటప్పుడు పాటల పుస్తకంతో పాటు అన్నం క్యారియరు కూడా పట్టుకెళ్లండి. ఆమెతో టీ పెట్టించుకోకండి. ప్రార్థన క్లుప్తంగా ముగించి, బిడ్డను అందుకుని, ఆ తల్లిని ఓ గంట నిద్రపోనివ్వండి.