కలక తేరాలంటే

కొన్ని జబ్బుల పేర్లలోనే లక్షణమూ, చికిత్సా దాగి ఉంటాయి. కళ్ళకలక అలాంటిది. చెరువు నీరు కలగినట్టే కన్నూ కలగుతుంది. తెల్లగుడ్డు ఎర్రబారుతుంది, నీరు కారుతుంది, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. తెల్లవారేసరికి రెప్పలు అంటుకుపోతాయి. ముందు ఒక కంట మొదలై, ఒకటి రెండు రోజుల్లో రెండో కంటికి పాకినా, జలుబూ గొంతునొప్పీ తోడైనా, చెవి ముందర బిళ్ళ కట్టినా అది చాలావరకు వైరస్ పనే.

ఇది కొత్త చుట్టం కాదు. మనిషి చంద్రుడి మీద కాలు మోపిన 1969లోనే ఘనా దేశంలో ఇలాంటి కలక ఒకటి విజృంభిస్తే, జనం దానికి అపోలో జబ్బని పేరు పెట్టారు. 1971లో అది బెంగాలుకు వచ్చి "జయ్ బంగ్లా" అనిపించుకుంది.

2023 వానల్లో మన తెలుగునాట ఇంటింటా కలకే. హాజరు పోతుందన్న భయంతో మా తరగతికి ఒక అమ్మాయి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చింది. చూస్తే అంటుకుంటుందని పక్కవాళ్ళంతా మొహాలు తిప్పుకున్నారు. ఆ మొహాలు తిప్పుకున్నవాళ్ళలోనే ఒకతె చెయ్యి చాచి ఆ అమ్మాయి కలం అడిగి పుచ్చుకుంది! చూపుకు అంటించే శక్తి లేదర్రా, అంటించేది చెయ్యి. కన్ను నలిపిన చెయ్యి కలాన్ని తాకుతుంది, కలం ఇంకో చేతిని, ఆ చెయ్యి ఇంకో కంటిని. తువ్వాలు, తలగడ గలీబు, కాటుక భరిణె, అన్నీ దానికి వాహనాలే. పొడి వస్తువు మీద కూడా ఆ వైరస్ రోజుల తరబడి బతకగలదు.

"హాజరు సంగతి నేను చూస్తాను, ఇంటికి వెళ్ళమ్మా" అన్నాను. ఆమె సంచిలో స్నేహితురాలు వాడగా మిగిలిన చుక్కలసీసా ఉంది. అందులో స్టెరాయిడ్ ఉన్నట్టు పైన రాసే ఉంది. డాక్టరు చెప్పకుండా అలాంటివి వేసుకుంటే కొన్ని రకాల కలకల్లో నల్లగుడ్డు మీద పుండు పడి, చూపుకే ముప్పు రావచ్చు. యాంటీబయాటిక్ చుక్కలు వైరస్‌ను ఏమీ చేయలేవు. చనుబాలు, ఆకుపసర్లు అసలే వద్దు.

మరి ఏం చేయాలంటారా? కలగిన నీటిని కదపకుండా ఉంచితే అదే తేరుకుంటుంది. కన్నూ అంతే. నలపకండి. శుభ్రమైన గుడ్డ చల్లటి నీళ్ళలో తడిపి మూసిన రెప్పల మీద వేయండి. చేతులు సబ్బుతో తరచు కడుక్కోండి. కాంటాక్టు లెన్సులు మానండి. సాధారణంగా వారం, రెండు వారాల్లో తగ్గిపోతుంది.

అయితే కంట్లో గట్టి నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా, పసిగుడ్డుకు వచ్చినా ఆ పూటే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. అది తేరుకునేదాకా ఆగవలసిన కలక కాదు.