గణగౌర్‌కు దారివ్వండి

ఉగాది పచ్చడి తిన్న మూడో రోజు, చైత్ర శుద్ధ తదియ సాయంత్రం, బేగంబజార్‌లో కాసేపు నిలబడి చూడండి. ఇత్తడి బిందెలు, స్టీలు గిన్నెలు, ఎండుమిర్చి, బాదంపప్పు బేరాలు ఎప్పటిలాగే నడుస్తుంటాయి. హమాలీల కేకలు, ట్రాలీ ఆటోల హారన్లు ఆగవు. ఆ రద్దీలోకే పై అంతస్తుల నుంచి ఆడవాళ్లు దిగివస్తారు. తలమీద కొంగు, మోచేతుల దాకా మెహందీ. ఒకరి చేతుల్లో ఈసర్, మరొకరి చేతుల్లో గౌర్. అంటే శివుడూ పార్వతీ. రాజస్థానీ కుటుంబాల గణగౌర్ పండుగకు అది ఆఖరి రోజు.

పదహారు రోజుల పూజ అంటారు గానీ, హోలీ మర్నాటి నుంచి తదియ దాకా లెక్కేస్తే పద్దెనిమిది వస్తాయి. మంట చల్లారాక ఆ బూడిద తెచ్చి, మట్టితో కలిపి గౌరిని చేస్తారు. గోధుమలో యవలో మొలకెత్తించి పెడతారు. రాజస్థాన్‌లో ఆ మంట హోలికది. మన దగ్గర కాముని పున్నమ కాబట్టి కాముడిది. కాముడు బూడిదయ్యాకే పార్వతి తపస్సుకు కూర్చుంది, శివుణ్ని గెలుచుకుంది. ఆ బూడిదే ఇక్కడ గౌరి ఒళ్లవుతోంది. వలస వచ్చిన పండుగకు ఈ నేల ఇచ్చిన అర్థం ఇది. నాకు ఇంతకంటే అందమైన విషయం ఈ బజారులో ఇంకొకటి కనిపించదు.

కొత్తగా పెళ్లయిన అమ్మాయికి ఈ పూజ ముఖ్యం. పొద్దున్నే గరిక, పూలు తెచ్చుకుంటారు. గరికతోనే అమ్మవారి మీద నీళ్లు చిలకరిస్తారు. గోడకు కాగితం అంటించి కుంకుమ, మెహందీ, కాటుకతో పదహారేసి బొట్లు వరసగా పెడతారు. ఉంగరపు వేలితో పెట్టే ఆ బొట్టు కొత్త పెళ్లికూతురి చేతికి మొదట్లో కాస్త వంకర పోతుంది. పక్కన కూర్చున్న అత్తగారో తోడికోడలో పాట ఆపకుండానే ఆమె వేలు పట్టుకుని సరిచేస్తారు. భర్త క్షేమం కోసమే ఈ నోము అంటారు, నిజమే. పుట్టిల్లు వదిలి వచ్చిన పిల్లకు ఆ ఇంటి ఆడవాళ్లంతా తోడు కూర్చునే రోజులు కూడా ఇవే. నాకు అదే ఎక్కువ అనిపిస్తుంది.

మధ్యలో శీతలాష్టమి వస్తుంది. ఆ రోజు పొయ్యి వెలిగించరు. ముందురోజు రాత్రి వండిన చద్దే అమ్మవారికి నైవేద్యం, ఇంటిల్లిపాదికీ భోజనం. శీతలాదేవి మశూచి తల్లి. పోచమ్మకు పెరుగన్నం, వేపాకు పెట్టే తెలంగాణ ఇల్లాలికి ఇది వివరించనక్కర్లేదు. ఎండ ముదిరే వేళ ఒళ్లు చల్లగా ఉండాలని, పిల్లలకు అమ్మవారు పోయకూడదని ఆమె కోరుకున్నదీ రాజస్థానీ ఇల్లాలు కోరుకున్నదీ ఒకటే. మార్వాడ్ ప్రాంతం వాళ్లు అప్పటి నుంచే చిల్లులు పొడిచిన కుండలో దీపం పెట్టి తలకెత్తుకుంటారు. ఆడపిల్లలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. దాన్ని ఘుడ్లా అంటారు.

బేగంబజార్ రెండో ఆసఫ్ జా నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన చోటు. ఆనాటి నుంచీ ఈ వీధులు ఎన్నో ప్రాంతాల వాళ్లను కలుపుకుంటూనే ఉన్నాయి. అయినా 2025 ఆగస్టులో తెలంగాణలో ‘మార్వాడీ గో బ్యాక్’ నినాదం వినిపించింది. చిన్న వ్యాపారులకు పోటీ వల్ల కష్టం ఉంటే దాని గురించి మాట్లాడాల్సిందే. ధరల గురించి, లైసెన్సుల గురించి, పన్నుల గురించి గట్టిగా అడగాల్సిందే. కానీ ఇక్కడే పుట్టి, ఇక్కడి కాముడి బూడిదతో గౌరిని చేసుకునే ఆడపిల్లను ఎక్కడికి పొమ్మంటాం?

నా మాట సూటిగా చెబుతాను. గణగౌర్ హైదరాబాద్ పండుగ. నగరం దాన్ని తన పండుగగా చూడాలి. చివరి రోజు గౌర్‌ను నీళ్లలో కలిపి సాగనంపాలంటే బావో చెరువో ఏరో కావాలి. కూతవేటు దూరంలో మూసీ ఉంది, ఆ మురికి నీళ్లలో తల్లిని వదలడానికి ఎవరికి చేతులొస్తాయి? ఇంట్లోనే టబ్బులో కలిపి చెట్టు మొదట్లో పోసుకునే పరిస్థితి. గణేశ్ నిమజ్జనానికి క్రేన్లు పెడతాం, దారులు మళ్లిస్తాం. 2014లో రాష్ట్ర పండుగైన బతుకమ్మకు నీళ్లు, దీపాలు ఏర్పాటు చేస్తాం. చేయాల్సిందే. వేదికా ముఖ్య అతిథీ లేకుండా ఆడవాళ్లు తమంతట తాము చేసుకునే ఈ పండుగకూ అందులో చిన్న వాటా ఇస్తే చాలు. కోల్‌కతా బడాబజార్‌లో బికనేరీలు గౌర్‌ను గవర్జా మాత పేరుతో వీధుల్లో ఊరేగిస్తారు. అదీ ఇరుకు బజారే.

జీహెచ్ఎంసీ ఆ ఒక్క రోజుకు ఒక తాత్కాలిక కొలను కట్టి మంచినీళ్లు నింపాలి. పోలీసులు తదియ సాయంత్రం రెండు గంటలు సరుకు లారీలను బయటే ఆపాలి. ఇక బజారు వర్తక సంఘాలు ఎవరి ఉత్తర్వు కోసమూ చూడనక్కర్లేదు. ఆ రెండు గంటలు లోడింగ్ ఆపి, దుకాణాల ముందు పేర్చిన బస్తాలు లోపలికి తీయించండి. గౌర్‌ను ఎత్తుకుని మెట్లు దిగి వచ్చేది మీ ఇంటి ఆడవాళ్లే.