స్పెల్లింగు జపం ఆపుదాం, మాటను ముక్కలు చేద్దాం

ఆస్ట్రేలియాలోని తెలుగు తల్లిదండ్రులకు, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలకు, తాతయ్యలకు, వారాంతపు తెలుగు బడుల టీచర్లకు మనవి.

మొన్న మా పాప 'వెన్స్‌డే' రాయాలి. నేను చిన్నప్పుడు నేర్చినట్టే "డబ్ల్యూ, ఇ, డి..." అని వల్లె వేయించాను. కాగితం మీదికొచ్చేసరికి 'డి' ఎగిరిపోయింది. కూరగాయలు తరుగుతున్న మా అత్తయ్య, "వెడ్-నెస్-డే అని పలుకుతూ రాయవే బంగారం" అంది. పాప పకపకా నవ్వి, తప్పు లేకుండా రాసింది.

తెలుగు నేర్పేటప్పుడు క, కా, కి అంటూ ధ్వని పట్టిస్తాం. ఇంగ్లీషుకు వచ్చేసరికి అక్షరాల పేర్లు బట్టీ పట్టిస్తాం. ఇదేం తిరకాసు?

ఇక్కడి బడులు ఆ బట్టీని వదిలేస్తున్నాయి. ఒకటో తరగతి ఫోనిక్స్ (అక్షరాలను ధ్వనులతో కలిపి చదవడం) పరీక్షను సౌత్ ఆస్ట్రేలియా 2018లో, న్యూ సౌత్ వేల్స్ 2021లో ప్రభుత్వ బడులన్నిటా తెచ్చాయి. అందులో 40 మాటలుంటే, సగం ఏ నిఘంటువులోనూ దొరకని ఉత్తుత్తి మాటలే. బట్టీ పట్టినవాడు అక్కడ ఏం చేస్తాడు? విక్టోరియా ప్రభుత్వ బడుల్లో 2025 నుంచి ప్రెప్ (ఒకటో తరగతికి ముందు ఏడాది) మొదలు రెండో తరగతి దాకా రోజూ కనీసం 25 నిమిషాలు ఫోనిక్స్ చెప్పాలి. ఇంట్లో మనం ఇంకా జపమే చేయిస్తున్నాం.

జపం బదులు మాటను రెండు రకాలుగా విడగొట్టాలి: నోటికి ఒకలా, కలానికి ఒకలా. 'క్యాన్‌బెరా' ఇక్కడివాళ్ల నోట 'క్యాన్-బ్ర', రెండే సిలబుల్స్ (పలుకు ముక్కలు). రాసేటప్పుడు మాత్రం క్యాన్-బెర్-ర, మూడు. గడ్డం కింద చెయ్యి పెట్టి పలకమనండి. దవడ ఎన్నిసార్లు దిగితే దాదాపు అన్ని సిలబుల్స్. ఏ ముక్క బరువో కూడా వినమనండి. మనం 'బనానా'ను మూడూ సమంగా పలుకుతాం, వాళ్లు నడిమి 'నా' ఒక్కదాన్నే నొక్కుతారు, అటూ ఇటూ సగం మింగేస్తారు. పద్యానికి గురులఘువులు గుర్తించిన చెవికి ఇది కొత్త కాదు, లెక్క వేరైనా.

అన్ని మాటలూ ఇలా లొంగవు. 'యాట్' అనే పడవను బట్టీ పట్టక తప్పదు. అలాంటివాటికే జపాన్ని దాచుకుందాం.

తెలుగు బడులు ప్రతి తరగతిలో పది నిమిషాలు మాటను ముక్కలు చేయడానికి ఇవ్వాలి. ఇంట్లో హోంవర్కు పూట అక్షరాల పేర్లు పక్కన పెట్టాలి. ఈ శనివారం 'పారమట్టా'తో మొదలుపెట్టండి. 'అమ్మ'ను అమ్-మ అని విడదీసినట్టే పార్-ర-మ్యాట్-ట అనమనండి. రెండు 'ఆర్'లు, రెండు 'టి'లు ఎక్కడ పడతాయో పిల్లలే చూపిస్తారు.