స్థానికుడెవరు?

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు మన పెద్దలు. ఐతే ఇల్లన్నది ఏది? పుట్టిన ఊరా, లేక సత్తువ ఉన్నంతకాలం సేవ చేసిన ఊరా? పరాయిచోటు నుండి వచ్చి, ప్రభుత్వోద్యోగం చేసి, ఆ పిమ్మట అక్కడి ప్రజలనే ఓటు అడిగేవారి విషయంలో ఈ ప్రశ్నకు బదులు చెప్పక తప్పదు.

అరుణా మిల్లర్ చరిత్ర ఇందుకు మంచి దృష్టాంతం. ఆమె 1964లో హైదరాబాదులో కాట్రగడ్డవారి ఇంట జన్మించారు. ఏడేండ్ల ప్రాయంలో అమెరికా చేరారు. మిస్సోరీలో సివిల్ ఇంజనీరింగు చదివి, మేరీలాండు రాష్ట్రంలోని మాంట్‌గోమరీ కౌంటీ రవాణాశాఖలో పాతికేండ్లు పనిచేశారు. 2010లో ఆ కౌంటీ ప్రజలు ఆమెను రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నుకొన్నారు. 2018లో జాతీయ కాంగ్రెసు స్థానానికి తమ పార్టీ అభ్యర్థిత్వం కోరి ఓడిపోయారు. అంతటితో వెనుదీయక, 2022లో లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచి, 2023 జనవరిలో ప్రమాణం చేశారు.

ఈ విజయానికి మనం మురిసిపోయాము, మురియవలసినదే. కాని ఆమెను గెలిపించినది మనం కాదు. ఎక్కడి నుండో వచ్చిన ఇంజనీరును "ఈమె మా మనిషి" అనుకొన్న అక్కడి ఓటర్లు. ఆ ఔదార్యం మనకు ఉన్నదా అన్నదే నా ప్రశ్న.

మన ఏ.ఎస్. రావు నగరునే చూడండి. పశ్చిమ గోదావరి జిల్లాలో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారి పేర వెలసిన కాలనీ ఇది. వారు కాశీలోను, అమెరికాలోని స్టాన్‌ఫర్డులోను చదివి, బొంబాయిలో పరిశోధన సాగించి, 1967లో ఇక్కడ ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు ప్రాణం పోశారు. దానిలో పనిచేయ వచ్చినవారు నానా ప్రాంతాలవారు, నానా భాషలవారు. అనగా వలస వచ్చిన ప్రభుత్వోద్యోగులే ఈ పేటకు పునాదిరాళ్లు. మన దేశపు ఓటింగు యంత్రాలను తయారుచేసే రెండు సంస్థలలో ఇది ఒకటి కావడం మరొక విశేషం. ఇంతటి ఘనత గల నగరంలో 2020 డిసెంబరు కార్పొరేషను ఎన్నికలనాడు సగంమందైనా ఓటు వేయలేదు! ఉన్న ఊరు తనదనుకోనివాడు ఓటు వేయడు. వాడిని తనవాడనుకోని ఊరు వాడిని పోటీకి పిలువదు.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. బయటివారు వచ్చి ఉద్యోగాలు, పదవులు దక్కించుకొంటే ఇక్కడి బిడ్డల గతి ఏమిటని 1952లోను, 1969లోను ఈ గడ్డ ఆక్రోశించింది. ఆ ఆవేదన న్యాయమైనది. దానిని తేలికగా త్రోసివేయరాదు. కాని నైజాం కాలపు ముల్కీ నిబంధనలు సైతం పుట్టుక ఒక్కదానినే కొలబద్దగా పెట్టుకోలేదు. పదునైదేండ్లు ఇక్కడ కాపురముండి, ఇక తిరిగిపోయే తలంపు లేదని రాసి ఇచ్చినవానిని ముల్కీగానే అంగీకరించాయి. కాలమూ సంకల్పమూ కలిస్తే పరాయివాడు స్థానికుడవుతాడన్న వివేకం ఆనాడే ఉన్నది.

నేటి చట్టం ఇంకను ఉదారమైనది. ఎక్కడ సాధారణంగా నివసిస్తే అక్కడే పౌరునికి ఓటు; ఇరువదియొక్క ఏండ్లు నిండితే పురపాలక సంఘానికి పోటీచేయడానికి వయసు చాలును. ఉద్యోగంలో ఉండగా పోటీ కుదరదు గాని, విరమించిన పిదప అడ్డు ఏమున్నది? మురుగుకాలువ ఎటు పారవలెనో, బడిముందు దారి ఎంత వెడల్పుండవలెనో ముప్పదియేండ్ల అనుభవంతో ఎరిగినవాడు వార్డుకు బరువా, బలమా?

ఐతే వచ్చినవానికీ ఒక ధర్మం ఉన్నది. ఓటడిగే నోరు ముందుగా ఆ వీధి భాష నేర్వాలి. తన ప్రాంతంవారి ఇండ్ల తలుపులు మాత్రమే తట్టేవాడు పాతికేండ్లున్నా పొరుగూరివాడే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. మీ తరగతిలో ఒడిశా నుండి, బీహారు నుండి వచ్చిన కూలీల పిల్లలుంటారు. మేరీలాండులో ఒక తెలుగు పిల్ల ఏమయినదో పాఠంగా చెప్పేటప్పుడు ఆ పిల్లల వైపు తిరిగి చెప్పండి. రేపు వారిలో ఒకరు ఈ వార్డుకు నిలబడితే "నీదే ఊరు?" అని కాక, "ఈ ఊరికి ఏమి చేశావు, ఏమి చేస్తావు?" అని అడిగే ఓటర్లను నేడే తయారుచేయండి.