మంచు కరగిన పిదప మన్యము

ప్రతియేట మార్గశిర పుష్య మాసములందు నర్సీపట్నము నుండి లంబసింగికి పోవు ఘాటు దారి తెల్లవారక మునుపే వాహనములతో నిండిపోవుచున్నది. సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల యెత్తున నుండి, శీతకాలపు వేకువల చలి సున్న డిగ్రీల దాపునకు దిగుటచే ‘ఆంధ్ర కాశ్మీరము’ అని పేరొందిన ఆ చిన్న గ్రామము, సంక్రాంతి వరకు జనసమ్మర్దముతో క్రిక్కిరిసి, పండుగ దాటిన కొలది వారములకే మన తలపులనుండి తొలగిపోవుచున్నది. మన్యమును నిజముగా నెరుగ గోరువారు ఈ సందడి సద్దుమణిగిన పిమ్మట, విశేషించి ఆషాఢము మొదలు భాద్రపదము వరకు గల వానకాలమున, అచ్చటికి పోవలెనని నా దృఢాభిప్రాయము.

శీతకాలమున పోయినవారికి కనబడునది మంచు, వలిసె పూల పసుపు, దారి ప్రక్కల టీ కొట్లు; గ్రామము కనబడదు. ఏలయన ఆ నెలలలో గ్రామస్థులలో పెక్కుమంది వచ్చినవారి అవసరములు తీర్చుటలోనే నిమగ్నులై యుందురు. వానకాలమునందో, కొండవాలున చోళ్ల నారు నాటుచు, సామ చేలలో కలుపు తీయుచు, సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలను, ఆ చెట్లనే అల్లుకొన్న మిరియపు తీగలను సంరక్షించుకొనుచు ఊరంతయు చేలలో నుండును. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీని మెచ్చుకొను మనము, దాని యెర్రపండ్ల కోతను చూచి ఆనందింతుము గాని, అవి పచ్చికాయలుగా కొమ్మ నంటియున్న నెలలలో వానకు నానిన చేతుల నెరుగము.

మన్యపు చరిత్రయు ఈ వానలలోనే బోధపడును. అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసినది 1922 ఆగస్టు 22న, వానల నడుమనే. పోడు వ్యవసాయమును అడ్డగించిన అటవీ చట్టములతోపాటు, ఈ కొండలలో రహదారులు వేయించుటకై గిరిజనులచేత సరియైన కూలి నీయక చేయించిన చాకిరియు ఆ తిరుగుబాటునకు కారణమయ్యెను. కొండదారులకై అంతటి మూల్యము చెల్లించినవారి సంతతిలో ఎందరికో నేటికిని తమ గూడెమునకు సరియైన దారి లేదు. గెడ్డలు, అనగా కొండవాగులు, పొంగిన దినములలో, ప్రసవవేదన పడు స్త్రీని డోలీ గట్టి మైళ్లకొలది మోసికొనిపోవలసిన గూడెములు ఇంకను కలవు. శీతకాలమున గెడ్డ సన్నగిలి పారును గనుక, దానిపై వంతెన లేదన్న సంగతి యాత్రికుని కంటబడదు.

పరుల కష్టమును వినోదముగా చూడబోవుట తగునా యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కావున గుంపులుగా గాక కొద్దిమందిగా, ఊరివారి సమ్మతితో పోవలెను; కొండచరియలు విరిగిపడు ప్రమాదమున్నదని అధికారులు హెచ్చరించినపుడు ప్రయాణము మానుకొనవలెను. గ్రామస్థుల యింట వసించి, వారు వండినది తిని, వారపు సంతలో పసుపో పిప్పళ్లో వారు చెప్పిన ధరకు కొనుట అతిథి ధర్మము. షెడ్యూల్డు ప్రాంతపు భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని 1/70 చట్టము శాసించుచుండగా, ఆ భూమిపై పుట్టు యాత్రికాదాయము మాత్రము మైదానపు వ్యాపారులకు చేరుట ఆ చట్టపు స్ఫూర్తికి విరుద్ధము. రెండు మూడు నెలల రద్దీ ఊరికి మిగుల్చునది చాలవరకు ప్లాస్టిక్ చెత్త. ఏడాది పొడుగున కొద్దికొద్దిగా వచ్చు అతిథులు గిరిజన కుటుంబమునకు నిలకడయైన రాబడి కాగలరు.

ప్రభుత్వము శీతకాలపు ఉత్సవములపై చూపు శ్రద్ధను గెడ్డలపై వంతెనలకును, గిరిజన మహిళా సంఘములు నడుపు చిన్న వసతి గృహములకును మరలింపవలెను. కళాశాలలు విహారయాత్రలకై పంపు విద్యార్థులలో ఒక చిన్న బృందమునైనను, తగిన జాగ్రత్తలతో, వానకాలమున పంపవలెను. వారిలోనుండియే రేపటి ఇంజనీర్లు, వైద్యులు, కలెక్టర్లు రావలసి యున్నది. పొంగు గెడ్డను, దాని యావలి యొడ్డున ఆగిపోయిన డోలీని ఒకసారి కన్నులార చూచినవాడు, ఆ వంతెన దస్త్రమును మరియొక యేటికి వాయిదా వేయజాలడని నా నమ్మకము.