“ఇంకా ఎన్నాళ్లు?” అని అడగకండి

రోజూ రాత్రి తొమ్మిదింటికి మా అమ్మ వంటింటి గట్టు మీద స్టీలు గ్లాసుతో మంచినీళ్లు పెడుతుంది. పక్కనే ఏడు అరల ప్లాస్టిక్ డబ్బా. ఆ రోజు అర మూత తీసి, మూడు లిథియం మాత్రలు మింగి, గ్లాసు కడిగి బోర్లిస్తాను. మధ్యలో ఒక్కసారి తప్ప, పదహారేళ్లుగా ఇదే వరస. ఈ పదహారేళ్లలో బీఈడీ పూర్తి చేశాను, ఉద్యోగంలో చేరాను, చెల్లెలి పెళ్లి దగ్గరుండి జరిపించాను. ఇవాళ హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. నాకున్న జబ్బు పేరు బైపోలార్. కొన్నాళ్లు పట్టపగ్గాల్లేని ఉత్సాహం, కొన్నాళ్లు మంచం దిగలేనంత దిగులు. ఆ రెంటినీ అదుపులో ఉంచుతున్నవి ఆ మాత్రలే.

ఇన్నేళ్లలో నన్ను ఎక్కువమంది అడిగింది ఒకటే మాట: “ఇంకా ఎన్నాళ్లమ్మా ఈ మందులు?” ప్రేమతోనే అడుగుతారు, నాకు తెలుసు. కానీ ముప్పై ఏళ్లుగా షుగరు మాత్ర వేసుకుంటున్న మా బాబాయిని ఆ మాట ఎవరూ అడగరు. పైగా ఆయన మాత్ర మరిచిపోతే ఇల్లంతా గోల చేస్తుంది. నా మాత్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం, మానేసిన రోజే బాగైనట్టు లెక్క.

ఆ లెక్కను నమ్మి నేనూ ఒకసారి మానేశాను. చికిత్స మొదలైన రెండో ఏడు అది. “మొహం ఎంత తేటగా ఉందో చూడు, ఇంకా ఆ మందులెందుకు?” అన్నారు దగ్గరి బంధువొకరు. ఆపిన మొదటి వారం హాయిగానే ఉంది. చేతుల వణుకు తగ్గింది, దాహం తగ్గింది. మోసమంతా అక్కడే ఉంది. మందు ఆపిన మర్నాడే జబ్బు తిరగబడదు, వారాలో నెలలో పడుతుంది. అందుకే మందు ఆపడానికీ జబ్బు రావడానికీ ఉన్న ముడి ఎవరి కంటా పడదు. ఐదో వారానికి రోజుకు మూడు గంటలు పడుకున్నా నాకు అలుపు రాలేదు. ఆరో వారం అమ్మ గాజులు తాకట్టు పెట్టి, ట్యూషన్ సెంటరు పెడతానని తెలియని మనిషికి అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. తర్వాత నెల రోజులు ఆసుపత్రి. మళ్లీ మామూలు మనిషిని కావడానికి ఏడాది పట్టింది. గాజులు విడిపించడానికి నాన్నకు అంతకన్నా ఎక్కువ కాలమే పట్టింది.

నా ఒక్కదాని అనుభవం మీకు చాలకపోవచ్చు. 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్ష స్కిజోఫ్రెనియా మీద జరిగిన 65 పరిశోధనలను కలిపి చూసింది. మందులు కొనసాగించినవారిలో ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది నూటికి 27 మందికి. ఆపినవారిలో 64 మందికి. అలాగని అందరికీ జీవితాంతం మందులే అని కాదు. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవారికి తగ్గాక కూడా సాధారణంగా మరో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడించి, మెల్లగా తగ్గించి ఆపేస్తారు. ఎవరికి ఎన్నాళ్లన్నది జబ్బును బట్టి, మనిషిని బట్టి డాక్టరూ రోగీ కలిసి తేల్చుకోవలసిన సంగతి. పేరంటంలో తేల్చేది కాదు.

ఈ మందులు లేని కాలం ఎలా ఉండేదో కూడా గుర్తుచేసుకుందాం. లిథియం ఉన్మాదాన్ని తగ్గిస్తుందని ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ 1949లో రాశారు. 1952లో పారిస్‌లో మానసిక జబ్బులకు క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వాడకం మొదలైంది. అంతకుముందు గొలుసులూ గదులే ఎక్కువ. మందులు వచ్చాక కూడా వాటికి నోచుకోనివారిని గొలుసు వదల్లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో అగ్నిప్రమాదం జరిగితే, గొలుసులతో కట్టేసి ఉండటంవల్ల తప్పించుకోలేక 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. నా డబ్బా మూత తీసినప్పుడల్లా వాళ్లు గుర్తొస్తారు.

అందుకే ఈ విన్నపాలు.

ఇంట్లోవాళ్లకు. “ఎన్నాళ్లు?” అనే బదులు “ఈ నెల మందులు తెచ్చుకున్నావా?” అని అడగండి. మా నిద్రను కాపాడండి. బైపోలార్ ఉన్నవారిలో కొందరికి ఒకటి రెండు రాత్రుల జాగారం చాలు, జబ్బు తిరగబెట్టడానికి. శివరాత్రికి మేము పడుకుంటే శివుడు ఏమీ అనుకోడు. అర్ధరాత్రి ముహూర్తమైతే అక్షింతలు పొద్దున్నే వేస్తాం, నొచ్చుకోకండి. ఇంకొక్క మాట. మాకు కోపం వచ్చిన ప్రతిసారీ “మాత్ర వేసుకున్నావా?” అనకండి. అందరికీ వచ్చినట్టే మాకూ న్యాయమైన కోపాలు వస్తాయి. ముందు కారణం అడగండి.

లిథియం వాడేవారు ఉన్న ఇళ్లకు ప్రత్యేకంగా. మన ఎండల్లో ఒళ్లు ఎండిపోయినా, వాంతులూ విరేచనాలూ అయినా, బీపీ అని ఒక్కసారిగా ఉప్పు మానేసినా రక్తంలో లిథియం పెరిగిపోతుంది. నిర్జల ఉపవాసాలు వద్దు. ఒళ్లునొప్పులకు ఆర్ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా అదే పని చేస్తాయి. చేతులు బాగా వణుకుతున్నా, అడుగు తడబడినా, మాట ముద్దగా వస్తున్నా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. లిథియం మోతాదు పరీక్షకు రక్తం రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుకు తప్పకుండా చేయించాలి.

పెళ్లి సంబంధాలు చూసే పెద్దలకు. “పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుంది” అనే మాటను దయచేసి మానేయండి. దాచి చేసిన పెళ్లిలో పిల్ల మాత్రలు ఎక్కడ దాచుకుంటుంది? బియ్యం డబ్బాలోనా, చీర మడతల్లోనా? దాచలేక ఆపేస్తుంది, ఆపితే జబ్బు బయటపడుతుంది, అప్పుడు మోసం చేశారంటారు. ముందే చెప్పండి. విన్నవాళ్లు కూడా గుట్టుగా ఉంచి, గౌరవంగా జవాబివ్వండి. పిల్లల్ని కనాలనుకుంటే ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి. కొన్ని మందులు, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్, కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి. వాటిని ముందే మార్చుకోవచ్చు. భయంతో ఉన్నపళాన ఆపేయడం తల్లికి ప్రమాదం.

మందుల షాపులవారికి. నలుగురి ముందూ మా మందు పేరు గట్టిగా చదవకండి. చీటీ లేకుండా అల్ప్రాజొలామ్, క్లోనజెపామ్ ఇవ్వకండి. “మానసిక మందులన్నీ అలవాటైపోతాయి” అనే మాట నిజం కాదు గానీ, ఆ నిద్రమాత్రలు మాత్రం అలవాటవుతాయి.

డాక్టర్లకు. ఒలాంజపైన్‌తో ఏడాదిలో పన్నెండు కిలోలు పెరిగిన అమ్మాయి బాధను “నిద్ర పడుతోంది కదా” అని తీసిపారేయకండి. రిస్పెరిడోన్‌తో నెలసరి తప్పినా చాలామంది సిగ్గుపడి చెప్పరు. మీరే అడగండి. మేము చెప్పింది మీరు వినని రోజునే మాలో చాలామంది మందు ఆపేస్తాం.

ప్రభుత్వాలకు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మానసిక జబ్బులకూ మిగతా జబ్బులతో సమానంగా వైద్యబీమా ఉండాలనీ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో అవసరమైన మందులు ఉచితంగా అందాలనీ అందులో ఉంది. మాకు “స్టాకు లేదు, వచ్చే వారం రండి” అంటే అది వారం ఆలస్యంతో పోయే సంగతి కాదు. ఆ వారం కూలి పోగొట్టుకుని వచ్చినవాడు మళ్లీ రాకపోవచ్చు.

నాలాగే మాత్రలు వేసుకుంటున్న మీకు. విసుగు పుడుతుంది, నాకూ పుడుతుంది. తగ్గించాలనిపిస్తే డాక్టరుతోనే చెప్పండి, అడగడం తప్పేమీ కాదు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి. ఏ అర్ధరాత్రయినా మనసు పట్టు తప్పుతోందనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

చెల్లెలి పెళ్లిలో అందరికీ టీ ఇస్తున్నారు. లిథియం వల్ల నా చేయి సన్నగా వణుకుతుంది, నిండు గ్లాసైతే తొణుకుతుంది. నలుగురిలో అది నాకు పెద్ద పరీక్ష. మా అత్త నా దగ్గరికి వచ్చింది, ఏమీ అడగలేదు, గ్లాసు సగమే నింపి చేతికిచ్చి పక్కన కూర్చుంది. తాగాక మిగతా సగం పోసింది. మీ అందరినీ నేను అడుగుతున్నది ఆ పాటి సాయమే.